సగం తప్పు

ఢిల్లీ కట్వారియా సరాయ్‌లో గేట్ పరీక్షకు చదువుకునే రోజుల్లో నా గది కింద ఒక టైల్స్ మేస్త్రీ పనిచేసేవాడు. మేడ మీద మేడ లేచే ఇరుకు సందులవి. కోత చప్పుడు లేని రోజు ఉండేది కాదు.

ఆయన పొద్దున్నే మొదట టైలు కోసే మిషను ప్లగ్గు పీకేవాడు. ట్రే అడుగున పేరుకున్న బురద తోడి, పంపు జాలీ కడిగి, తేట నీళ్ళు పోసేవాడు. బురద పంపులో చిక్కితే బ్లేడు మీద పడే నీటి ధార సన్నబడుతుంది, బ్లేడు వేడెక్కి వంకరపోతుంది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది దుమ్ము. టైల్లో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసినవాళ్ళను తినేసిన జబ్బు అదే. నయం చేసే మందు లేదు. ఆ నీటి ధార ఒక మనిషి ఊపిరికి కాపలా.

తర్వాత టైలును ఆనించే గైడు సరిచూడటం. పనికిరాని టైలును రెండుగా కోసి, ఒక ముక్కను తిరగేసి, రెంటినీ తిన్నని బద్దకు ఆనించి కోసిన అంచులు కలిపేవాడు. సందు కనబడితే అందులో సగమే అసలు తప్పు. అంతే జరిపి మళ్ళీ కోసేవాడు. ఎంత అందమైన పరీక్ష! కొలబద్ద కూడా అక్కర్లేదు.

బ్లేడు నునుపెక్కి కోయడం మానేస్తే దానిచేత గరుకు సానరాయిని రెండుసార్లు కోయించేవాడు. పైలోహం అరిగి కొత్త వజ్రపు రేణువులు బయటపడేవి, చప్పుడు మారేది. పైనున్న నాకు అది వినబడేది.