బొమ్మరైలులో లేని మనుష్యులు

మన విద్యార్థులలో రైలుబండి యనిన ప్రీతిలేనివాడు అరుదు. విజ్ఞానప్రదర్శనము వచ్చుసరికి అగ్గిపెట్టెలతో పెట్టెలును, సీసామూతలతో చక్రములును గావించి రైలుబండ్లను గొనివచ్చువారు కొందఱు. విద్యుచ్ఛక్తిచే తిరుగు బొమ్మరైలును బల్లపై నమర్చి, దాని చుట్టును కొండలు, సొరంగములు, వంతెనలు కల్పించువారు మఱికొందఱు. వారి హస్తనైపుణ్యము మెచ్చదగినదే. కాని ఆ బొమ్మలన్నిటియందును మాకొక కొఱత కన్పట్టుచుండును. ఇంజను గలదు, పెట్టెలు గలవు, సిగ్నలు గలదు, మనుష్యుడు మాత్రము లేడు. ఉన్నను ప్లాటుఫారముపై ఊరక నిలిచియుండును.

నిజమైన రైలుమార్గమున మనుష్యులు చేయు పనులలో కొన్ని బయటివారి కంటికి మిక్కిలి వింతగా దోచును. అట్టి ఆచారములను కొన్నింటిని ఇచట వివరించినచో, రాబోవు ఏట బొమ్మరైలు చేయగోరు బాలబాలికలకు క్రొత్త దృశ్యములు దొరకునని తలచితిమి. పట్టాల ప్రక్కనే కాపురముండు మనకందఱకును వీనివలన అంతకు మించిన ప్రయోజనము గూడ గలదు. అది కడపట చెప్పుదుము.

మల్కాజిగిరివారికి రైలు పరాయిది కాదు. నిజాము ప్రభుత్వము వేయించిన మొదటి రైలుమార్గము 1874లో వాడినుండి సికిందరాబాదునకు వచ్చినది. మన యూరిమీదుగా మన్మాడునకు పోవు మార్గము 1900వ సంవత్సర ప్రాంతమున మీటరుపట్టాగా వేయబడి, తరువాతి కాలమున వెడల్పుపట్టాగా మార్పబడినది. లాలాగూడ కర్మాగారము 1893లో వెలసినది. మౌలాలిలో ఇంజనుల షెడ్డు గలదు. ఇందుచే తండ్రియో తాతయో రైల్వేకొలువున నున్న పిల్లలు మా తరగతిలో ఎల్లప్పుడును కొందఱుందురు. ఈ సంగతులలో కొన్ని వారి యిండ్లలో మేము విన్నవే.

మొదటి వింత టోకెను మార్చుకొనుట. ఒంటిమార్గమున, అనగా ఒకే జత పట్టాలపై ఇరుదిక్కులనుండియు బండ్లు నడచు చోట, రెండు స్టేషన్ల నడుమ ఒక సమయమున ఒక్క బండియే యుండవలెను. ఈ నియమమును మనుష్యుల జ్ఞాపకమునకును మాటకును వదలిన నేమగునో, మనకు రైలు వచ్చిన ఆ 1874వ సంవత్సరముననే ఇంగ్లండు దేశమున తెలియవచ్చినది. నార్విచ్ పట్టణము చెంత థోర్ప్ అను చోట, ఉద్యోగుల నడుమ జరిగిన పొరపాటువలన రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట ఎడ్వర్డు టయ్యరు అనునాతడు ఒక యంత్రమును కల్పించెను. దానినుండి ఒక బిళ్ల బయటికి తీసిన తరువాత, అది మరల యంత్రమున చేరువఱకు రెండవది రాదు. మన దేశమున వాడుకకు వచ్చిన నీల్ యంత్రమునందు బిళ్లకు బదులు ఉక్కు గోళముండును. ఇరుస్టేషన్ల మాస్టర్లును గంటలు మ్రోగించుకొని సమ్మతించిననే గోళము బయటికి వచ్చును. దానిపై ఆ రెండు స్టేషన్ల పేర్లును చెక్కబడియుండును. ప్రక్క స్టేషన్లకు జెందిన గోళము ఈ యంత్రమున పట్టదు.

ఆ గోళమును తోలుసంచిలో నుంచి, పెద్ద వలయమునకు గట్టి, పాయింట్స్‌మన్ పట్టాల చెంత చేయెత్తి నిలుచును. రాత్రివేళ నైనచో వెలుగుచున్న దివిటీ ఉండును. ఆగని బండి వేగము తగ్గించుకొని వచ్చును. ఇంజనులోని మనుష్యుడు పాతవలయమును జాఱవిడిచి, క్రొత్తదానిలో తన చేతిని దూర్చి పట్టుకొనిపోవును. మా విద్యార్థి యొకని తాతగారు మీటరుపట్టా దినములలో ఈ పని చేసినవారు. మోచేతికి గుడ్డ చుట్టుకొని నిలుచువారమనియు, అయినను చేయి కమిలిపోయెడిదనియు చెప్పి, నవ్వుచు నిట్లనిరి: “బాల్ చేతికి రాకుంటే బండి కదలదు సార్. ఎంత పెద్దాయన చెప్పినా కదలదు.”

ఈ వాక్యమునే మేము మా తరగతిలో పలుమాఱులు తలచుకొందుము. ‘దారి ఖాళీగానే యున్నది’ అను మాటను చేతితో పట్టుకొనదగిన వస్తువుగా మార్చినారు. మాట మఱచిపోవచ్చును, గోళము చేతిలో నున్నదో లేదో మఱచుట సాధ్యము కాదు. నేడు చాలచోట్ల ఈ పద్ధతి తొలగి నూతన యంత్రములు వచ్చినవి. 2022 మార్చి 4వ తేదీన, పైన జెప్పిన వాడిమార్గముననే గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల నడుమ ‘కవచ్’ అను సాధనమును పరీక్షించిరి. రైల్వేమంత్రి ఎక్కిన ఇంజను, ఎదుట నున్న మఱియొక ఇంజనునకు 380 మీటర్ల దూరముననే తనంతట తాను నిలిచిపోయెను. రూపము మాఱినను ఉద్దేశ్యము ఉక్కుగోళము నాటిదే.

రెండవది పట్టాలపై పటాసులుంచుట. డిటొనేటరను ఈ చిన్న డబ్బీని పట్టాకు బిగింతురు. చక్రము దానిపై నెక్కగానే పెద్ద చప్పుడుతో పేలును. డ్రైవరు వెంటనే మేల్కొని బండిని నిలుపుటకు సిద్ధపడును. 1841లో ఇంగ్లండున కౌపరు అను ఇంజనీరు దీనిని కనిపెట్టెను. మంచులో సిగ్నలు కంటికి కనబడనపుడు చెవికి వినబడవలెనని దీని భావము. మార్గమున ఏదేని అడ్డు కలిగినపుడు కూడ దీనిని వాడుదురు. వెడల్పుపట్టా మార్గమున, అడ్డునుండి 600 మీటర్ల దూరమున ఒకటియు, 1200 మీటర్ల దూరమున పదేసి మీటర్ల యెడముతో మూడును ఉంచవలెను. ఎఱ్ఱజెండా చేతబట్టి రాబోవు బండికి ఎదురుగా ఆ దూరమంతయు పరుగెత్తువాడు మనుష్యుడే.

ఒకమాఱు మా తొమ్మిదవ తరగతి బాలురు పట్టాతప్పిన బండి దృశ్యమును చేసి, దానికి జానెడు దూరమున ఎఱ్ఱజెండా బొమ్మను నిలిపిరి. వారి బండి అసలుదానిలో 87వ వంతు. ‘ఆ లెక్కను ఈ జానెడు ఎంత?’ అని యడిగితిమి. గుణించి, ‘ఇరువది మీటర్లు’ అనిరి. 1200 మీటర్లకు లెక్కగట్టగా దాదాపు 14 మీటర్లు వచ్చినది. కొలబద్ద పట్టుకొని బాలురు గది దాటిరి, వరండా దాటిరి, ఆవరణములోని వేపచెట్టు చెంతకు చేరిరి. అచట జెండాబొమ్మను నాటి వెనుదిరిగి చూడగా, గదిలోని బండి వారికి కనబడనే లేదు. ఇనుపపట్టాపై ఇనుపచక్రము, వేగముగ వచ్చు బరువుబండి బ్రేకు వేసిన తరువాతను వందల మీటర్లు సాగిపోవును. డ్రైవరు అపాయమును కంట జూచుసరికే ఆపుటకు వేళ మించియుండును. ఈ సంగతిని మేము నల్లబల్లపై ఎన్నిమాఱులు వ్రాసినను, ఆ వేపచెట్టు నేర్పినంతగా నేర్పలేకపోయెడివారము.

మూడవది కాలినడక. కీమాన్ అను ఉద్యోగి సుత్తియు, పానాయు, జెండాలును భుజమున వేసికొని తనకు నియమింపబడిన మేర పట్టాలను ప్రతిదినము నడచి చూచును; సడలిన కీలును బిగించును. వానకాలపు రాత్రులందు గస్తీవాడు దీపము, ఈల, పటాసులు తీసికొని చీకటిలో నడచును. తెలంగాణము చెఱువుల దేశము. రైలుమార్గమునకు ఎగువనున్న ఏ చెఱువు తెగిన కట్ట కొట్టుకొనిపోవునో, అట్టి చెఱువుల పట్టిక రైల్వేవారికడ నుండును. వర్షములకు ముందు నీటిపారుదల ఉద్యోగులతో గూడి వానిని పరీక్షింతురు. రైలువారు చెఱువుకట్టపై నడచుట వింతగా దోచునేమో! 1954 సెప్టెంబరులో జనగామ చెంతను, 1956 సెప్టెంబరులో మహబూబునగరము చెంతను వరదలకు వంతెనలు కూలి, ఒక్కొక్కచోట నూటికి సమీపముగనో మించియో ప్రాణములు పోయినవి. 2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారకముందే వలిగొండ చెంత, పైచెఱువులు తెగి చిన్న వంతెన కొట్టుకొనిపోగా, రేపల్లెనుండి సికిందరాబాదునకు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు ఆ ప్రవాహమున గూలి నూటికి పైగా జనులు మరణించిరి. వాన హోరున గురియు రాత్రి మనము దుప్పటి కప్పుకొని పండుకొనునపుడు, పట్టాలవెంట ఒక దీపము కదలుచుండును. పదిమంది కన్యకల ఉపమానము చదువునపుడెల్ల మాకు ఆ దీపము జ్ఞప్తికి వచ్చును. దీపములో నూనె ఉన్నదా యని ముందుగా చూచుకొన్నవాని మూలముననే వేలమంది నిశ్చింతగా నిద్రింతురు.

నాల్గవ వింత కొండదారులలో నున్నది. బొంబాయి, పూనాల నడుమ భోర్ ఘాట్ దిగు మార్గమున, పట్టాను పట్టుదప్పిన బండికై ఎదురుగుట్టపైకి ఎక్కు ప్రక్కదారివైపుననే తిప్పియుంచెదరు. దిగివచ్చు బండి అచట నిలిచి, తన బ్రేకులు స్వాధీనమున నున్నవని కూతవేసి తెలిపిన పిమ్మటనే అసలుదారిని తెఱతురు. నిలువగలనని నిరూపించుకొన్నవానికే ముందుకు సాగు అనుమతి! విద్యార్థులకు ఇంతకంటె మంచి నీతి ఏ పుస్తకమున దొరకును? ఇట్టిదే మఱియొక ఆచారము. ఇంజనులో డ్రైవరును సహాయకుడును ప్రతి సిగ్నలును చూచి, దాని రంగును బిగ్గరగా ఒకరికొకరు చెప్పుకొందురు. జపానువారు వ్రేలితో చూపుచు పలుకుదురు. ఎఱుగనివారు నవ్వుదురు కాని, కన్నును నోటిని చేతిని ఒకేపనిలో నిలిపినచో మనస్సు దారితప్పదని వారు అనుభవమున గనిరి.

కడపటిది గేటు. ఇది మాకు వ్రాయుటకు కష్టమైన భాగము. కావలిలేని గేటు దాటుటకు 1988నాటి మోటారువాహనముల చట్టమున, 131వ సెక్షనులో ఒక నియమము గలదు. వాహనమును ముందుగా నిలుపవలెను. కండక్టరో క్లీనరో దిగి, పట్టాలదాక నడచి, ఇరువైపుల బండి రాకుండుట చూచి, వాహనమును దాటింపవలెను. అట్టివారెవరును లేనిచో డ్రైవరే దిగి చూడవలెను. రెండు నిమిషముల పని. 2014 జూలై 24వ తేదీ ఉదయమున, మెదక్ జిల్లా మాసాయిపేట చెంత కావలిలేని గేటులో, పిల్లలను గొనిపోవుచున్న పాఠశాల బస్సును నాందేడునుండి సికిందరాబాదునకు వచ్చు ప్యాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా పిల్లలును, బస్సుడ్రైవరును మృతినొందిరి. అది మన మార్గమే. మల్కాజిగిరి మీదుగా పోవలసిన బండియే. మఱునాడు తరగతిలో హాజరుపట్టీ తీసి పేర్లు పిలుచుచుండగా, ‘హాజరు సార్’ అని ఒక్కొక్క కంఠము పలికిన కొలదిని మా గొంతు పట్టుకొనిపోయినది. ఆ పలుకునకు ఎంత విలువ గలదో ఆ దినమున మాకు తెలిసినది. 2019 జనవరి నాటికి దేశమునందలి వెడల్పుపట్టా మార్గములపై కావలిలేని గేట్లన్నియు తీసివేయబడినవి. ఆ మేలు ఆ పిల్లలకు అందలేదు.

ప్రియ విద్యార్థులారా, ఈ వింత ఆచారములన్నిటియందును ఒకే సత్యము గలదు. మనుష్యుడు మఱచును, అలయును, తొందరపడును. ఇది యెఱిగి పెద్దలు ఆ మఱపునకు అడ్డుగా చేతికొక గోళమును, చెవికొక చప్పుడును, కాలికొక నడకను, నోటికొక పలుకును నియమించిరి. ఒక్కొక్క నియమము వెనుక ఎవరిదో యొక యింట జరిగిన శోకము దాగియున్నది. కావున నియమమును చూచి నవ్వకుడు. బొమ్మరైలు చేయునపుడు ఇంజనుకంటె ముందుగా మనుష్యుని చేయుడు: వలయమెత్తినవానిని, దీపముతో నడచువానిని, జెండాతో పరుగెత్తువానిని.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. రైల్వేవారు తమ వంతు నడచుచున్నారు. మన వంతు చిన్నది. పిల్లల చేయి పట్టుకొని పట్టాలకడ్డముగా పోవలదు. నాలుగు మెట్లెక్కి పాదచారుల వంతెనమీదుగానే పొండు. గేటు దించినపుడు దాని క్రింద దూరవలదు. చెవులలో పాటల తీగెలు పెట్టుకొని పట్టాలవెంట నడచు యువకుని కనిన, అన్నవలె, అక్కవలె మందలింపుడు. అంతమాత్రము చేసిన యెడల, ఆ గస్తీవాని దీపములో మనమును ఒక చుక్క నూనె పోసినవారమగుదుము.