తుడిచిన చేయి

2016వ సంవత్సరమున నేను కడప జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. పదవీ విరమణకు మూడేండ్లు మాత్రమే గడువుండెను. ఆ పదవిలో నున్నవాడు సామాన్యముగా కాగితములలోనే మునిగియుండును. కాని నేను మొదట తెలుగు పండితుడను. పాఠము చెప్పని దినము నాకు అన్నము తినని దినమువలె నుండెడిది. అందుచే ఎనిమిదవ తరగతి తెలుగును మాత్రము ఎవరికిని ఇయ్యక నాయొద్దనే యుంచుకొంటిని.

ఆ యేట ఆ తరగతికి ఒక పని నొప్పగించితిని. మా జిల్లాలో పోరుమామిళ్ల చెఱువు పేరొందినది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. ఆ నిర్మాణ విశేషములను దెలుపు శాసనము 1369 నాటిది. చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములును, ఉండకూడని ఆఱు దోషములును అందు చెప్పబడినవి. నలువదిమంది పిల్లలును గలిసి ఆ చెఱువును గూర్చి ఒకే వ్యాసము వ్రాయవలెననియు, ఒకరు వ్రాసినదానిని తక్కినవారు దిద్దవలెననియు నా కోరిక.

ఇట్టి పని మా జిల్లాకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో ఒక బంగళా కొని, తన సొమ్ముతో పండితులను, వ్రాయసగాండ్రను అచట నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి సరిపోల్పించెను. ఒకరి కన్ను తప్పించుకొన్న పొరపాటు మఱియొకరి కంట పడునని ఆయన యెఱుగును.

మొదట ఒక లావుపాటి నోటుపుస్తకము కొని తరగతిలో నుంచితిని. అది పది దినములు సాగెను. పుస్తకము చేతనున్నవాడు వ్రాయును. తక్కిన ముప్పదితొమ్మిదిమంది వాని మొగము చూచుచుందురు. ఒకనికి జ్వరము వచ్చి ఇంట పడుకొనగా పుస్తకమును వానితోపాటు నాలుగు దినములు పడుకొనెను. కొట్టివేతలు, పైవ్రాతలు పెరిగి, ఏది ఎవరి మాటయో తెలియకుండెను.

అప్పుడు మా గణితోపాధ్యాయుడు నాకు గూగుల్ డాక్స్ అను సాధనమును చూపెను. మీలో అనేకులు దాని నీపాటికే యెఱిగియుందురు. వెల యిచ్చి కొనవలసిన పని లేదు. ఇంటర్నెట్టు, ఒక ఖాతా ఉన్న చాలును. ఒకే పుటను అనేకులు ఒకేసారి తెఱచి వ్రాయవచ్చును. ఎవరు ఎచట వ్రాయుచున్నారో రంగురంగుల గీతలు చూపుచుండును. వ్రాసినదానిని భద్రపఱచుటకు వేఱుగా మీట నొక్కనక్కఱలేదు; అక్షరము పడిన క్షణముననే అది దాచుకొనును. ఒకరి వాక్యమును ముట్టక ప్రక్కన వ్యాఖ్య వ్రాయవచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసమునకును ‘చర్చ’, ‘చరిత్ర’ అను పుటలున్నట్లే, ఇందును ఏ ఖాతానుండి, ఎప్పుడు, ఏ మార్పు జరిగెనో తెలుపు చరిత్ర యొకటి యుండును. ఈ కడపటి విషయమును గణితోపాధ్యాయుడు చెప్పినప్పుడు నేను తల యూపితిని గాని చెవిని బెట్టలేదు.

పదుమూడేండ్లు నిండని పిల్లలు స్వయముగా అట్టి ఖాతా తెఱువరాదు. కావున తరగతిని ఐదు జట్లుగా జేసి, జట్టునకొక ఉపాధ్యాయుని ఖాతా నేర్పాటు చేసితిమి. నాకు నా ఖాతా వేఱుగా నుండెను. మాకు వచ్చిన కంప్యూటర్లు పది; పనిచేయునవి ఆఱు. అదియే చాలుననుకొంటిమి.

పిల్లలు ఇంగ్లీషు అక్షరములు కొట్టుచుండ అవి తెలుగుగా మాఱుచుండెను. నేను శకటరేఫముతో ‘చెఱువు’ అని రావలెనని యెంత పట్టుబట్టినను ఆ యంత్రము ‘చెరువు’ అనియే చూపెను. దానికి పాతవ్యాకరణము తెలియదని పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

కాని నేను కన్న విశేషము మఱియొకటి. చెఱువుపనికి వేయిమంది కూలీలు పాటుపడిరని ఒక జట్టు వ్రాసెను. తరగతిలో ఎన్నడును నోరు విప్పని ఒక బాలిక దాని ప్రక్కన ఇట్లు వ్యాఖ్య వ్రాసెను: “మొత్తము వేయిమంది కాదు. దినమునకు వేయిమంది. నూఱు బండ్లు కూడ. రెండేండ్లు.” శాసనములో నున్నది నిజముగా అదియే. ఆమె లేచి నిలువబడి ఆ మాట చెప్పవలసివచ్చినచో ఆ తప్పు అట్లే నిలిచియుండెడిది.

ఆ తరగతిలోనే మిక్కిలి అల్లరివాడైన బాలుడొకడుండెను. చురుకైనవాడే. ఒకసారి భాస్కరుని పేరున్నచోట తన కభిమానమైన సినిమా నటుని పేరు పెట్టి తరగతినెల్ల నవ్వించెను. నేను మందలించి విడిచితిని.

ఒక సోమవారము ఉదయము పుట తెఱచి చూడగా వ్యాసము లేదు. నెలన్నర శ్రమ యంతయు మాయమయ్యెను. తెల్లని పుటమీద ఇంగ్లీషు ‘సి’ అను అక్షర మొక్కటి మాత్రము నిలిచియుండెను. ఆ బాలుని పేరు ఇంగ్లీషులో వ్రాసినచో ఆ యక్షరముతోనే మొదలగును. నాకు వేఱు సాక్ష్యము కావలసియుండలేదు. వానిని అందఱియెదుట నిలువబెట్టి నోటికి వచ్చినట్లు తిట్టితిని. వాడు “నేను కాదు సార్” అని ఒక్కసారి యనెను. “తప్పు చేసి సంతకము కూడ పెట్టితివా?” అంటిని. వాడు మఱి మాటాడలేదు. కంప్యూటరు గదిలో అడుగు పెట్టరాదని శాసించి, ఆ గంట ముగియువఱకు వానిని వసారాలో నిలిపితిని.

గణితోపాధ్యాయుడు అప్పుడు శిక్షణకై కడపకు పోయియుండెను. బుధవారము వచ్చి, విషయము విని, “చరిత్ర చూచితిరా సార్?” అని యడిగెను. చూడలేదంటిని. ఆయన మీట నొక్కెను. ఆదివారము రాత్రి తొమ్మిది దాటిన తరువాత వ్యాసమంతయు తుడుపబడినట్లు అందుండెను. తుడిచిన ఖాతా నాది.

అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఆ రాత్రి ఇంటిలో వ్యాసమును నకలు తీసికొని తీరికగా చదువవలెనని, దాని నంతయు ఎంపిక చేసితిని. నకలునకు కంట్రోలు మీటను, ‘సి’ మీటను కలిపి నొక్కవలెను. నా వ్రేలు కంట్రోలుపైనుండి జాఱియుండును. ఎంపికచేసిన దాని స్థానమున ‘సి’ పడెను. నా చూపు మీటలమీద నుండెను గాని తెరమీద లేదు. అంతలో కరెంటు పోయెను. నేను లేచి పోయి పడుకొంటిని.

గణితోపాధ్యాయుడు మఱియొక మీట నొక్కగానే వ్యాసము అక్షరము పోకుండ తిరిగి వచ్చెను. “పోనిండు సార్, దొరికినది గదా. పిల్లలకు చెప్పనవసరము లేదు” అని ఆయన మెల్లగా ననెను. నా గౌరవము కాపాడవలెననియే ఆయన యుద్దేశము. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పకున్నను ఆ చరిత్రను తెఱువగల చేతులు తరగతిలో నున్నవి. వారు చూతురను భయముచేత చెప్పితినో, చెప్పుట ధర్మమని చెప్పితినో, ఇప్పటికిని నిశ్చయముగా చెప్పజాలను.

గురువారము తరగతిలో ఆ బాలుని పిలిచి నా ప్రక్కన నిలుపుకొంటిని. “వ్యాసము తుడిచినవాడను నేను. నిందించినది నిన్ను. నన్ను క్షమింపుము” అంటిని. ముప్పదియేండ్లకు పైబడిన ఉద్యోగములో ఒక విద్యార్థితో ఆ మాట యనుట అదియే మొదటిసారి. తరగతిలో చీమ చిటుక్కుమనలేదు. వాడు తల వంచుకొని నేల చూచుచుండెను.

గంట కొట్టిన పిమ్మట వసారాలో వాడు నావెంట నడచి వచ్చెను.

“మాకు మంగళవారమే తెలుసు సార్. మా జట్టు వాళ్లు చూసినారు.”

నేను నిలిచిపోతిని. “తెలిసియు ఎందుకు చెప్పలేదు?”

“మీ పేరు ఉండె సార్. ఎట్ల చెప్పేది?”

వ్యాసమును వెనుకకు తెచ్చు మీట కూడ వారికి తెలియును. దానిని ముట్టినచో తాము చూచినట్లు బయటపడునని ముట్టలేదట. నా పరువుకొఱకు ఆ పిల్లలు రెండు దినములు తమ పనిని పోగొట్టుకొని యూరకుండిరి. వాడు ఆ నిందను మోసెను. నాకు మాట రాలేదు. వాని భుజముమీద చేయి వేసి, “ఇకమీదట నేను తప్పు చేసినచో చెప్పవలయును. నాతో చెప్పలేనిచో పుట ప్రక్కన వ్రాయుము” అంటిని. వాడు సరేననియు ననలేదు, కాదనియు ననలేదు. పరుగెత్తి పోయెను.

తరువాతి వారము వ్యాసమునకు నేనొక ముందుమాట వ్రాసి చేర్చితిని. మఱునాడు తెఱచి చూడగా, శాసనకాలమును దెలుపు వాక్యము ప్రక్కన పసుపుపచ్చని వ్యాఖ్య యొకటి యుండెను. నేను 1369కి మాఱుగా 1396 అని కొట్టియుంటిని.

“అంకెలు తారుమారైనాయి సార్. సరిచేసినా.”

దాని క్రింద సంతకముగా ఇంగ్లీషు ‘సి’ ఒక్కటి యుండెను.