కొండ పాదాన పగులు

డెహ్రాడూన్ నుండి ముస్సోరీకి మేము బస్సులో వెళ్ళాము. దూరం సుమారు 35 కిలోమీటర్లు. రాజ్‌పూర్ దాటగానే కొండ గోడవలె లేచింది. దాని పాదం వెంబడే భూమిలో ఒక పెద్ద పగులు సాగుతున్నది.

రాతి పొరలలో పాతది అడుగున, కొత్తది పైన ఉండటం సహజం. ఇక్కడ తారుమారైంది. బహు పురాతనమైన పలకరాయి, సున్నపురాయి ఆ పగులు మీదుగా జరిగి, తమకంటే కొత్తవైన గులకరాళ్ళ పొరలపైకి ఎక్కాయి. మన దేశమున్న భూఫలకం సుమారు 5 కోట్ల ఏండ్ల క్రితం ఆసియాను ఢీకొన్నది. నేటికీ ఏటా 4, 5 సెంటీమీటర్లు ఉత్తరానికి నెట్టుకొని పోతూనే ఉన్నది. గోడకు ఆనించి నెట్టిన చాపవలె నేల ముడతలుపడి, పగిలి, ఒక ముక్కపై మరొకటి ఎక్కింది. హిమాలయాలు ఇట్లు లేచినవే.

పగులు బిగుసుకొని ఉన్నంతకాలం ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కసారిగా జారితే భూకంపం. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో ఇట్లు జారినప్పుడు ఖాట్మండు ప్రాంతం దాదాపు ఒక మీటరు పైకి లేచింది. సుమారు 9000 మంది చనిపోయారు.

ప్రియ పాఠకులారా, 1991 ఉత్తరకాశీ భూకంపంలో అనేక ఇండ్లు కూలినా, దేవదారు దూలాలు, రాళ్ళు వరుసలుగా పేర్చి పూర్వులు కట్టిన ఇండ్లు కొన్ని నిలిచాయి. కొండ కదలకుండా ఆపలేము గాని, గోడను గట్టిగా కట్టుకోగలము.