ఏడాదికి ఎనభై ఎనిమిది సెంట్లు

మ్యూనిక్‌లో పొద్దున్నే రైలెక్కితే గంట తిరక్కుండానే ఆగ్స్‌బర్గ్‌లో దిగవచ్చు. రోమనులు స్థాపించిన ఊరు. ఎలియాస్ హోల్ కట్టిన పురమందిరమూ, అందులోని బంగారు హాలూ చూచాను. 1944 ఫిబ్రవరిలో బాంబులకు కాలిపోయిన ఆ హాలును మళ్ళీ మునుపటిలాగే తీర్చిదిద్దారు. బాగానే ఉంది. కాని నా మనసంతా ఫుగ్గరై పేటమీదనే ఉంది.

యాకోబ్ ఫుగ్గర్ అనే షావుకారు 1521లో పత్రం వ్రాయించి బీదవారికోసం ఏర్పాటు చేసిన పేట అది. అద్దె ఒక గిల్డరు. అయిదు వందల ఏళ్ళు దాటినా ఆ లెక్క పెరగలేదు. నేటి నాణేల్లో 88 సెంట్లు. నెలకు కాదండోయ్, ఏడాదికి! కరెంటు, చలికాలపు వెచ్చదనం ఖర్చులు మాత్రం వేరు. గేటు దగ్గర నేను కొన్న టిక్కెట్టు డబ్బుతో ఒక కుటుంబం కొన్నేళ్ళ అద్దె కట్టుకోవచ్చు. ఒకటో తారీఖున ఇంటిగలాయన దగ్గు వినగానే ఉలిక్కిపడేవాళ్ళకు ఈ సంగతి ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా?

అయితే షరతులున్నాయి. ఆ ఊరివారై ఉండాలి, కాథలిక్కులై ఉండాలి, బీదవారై ఉండాలి. రోజుకు మూడు ప్రార్థనలు దాత కుటుంబం పేర చేయాలి. ఎంతైనా షావుకారు గదా, పుణ్యాన్ని కూడా రోజువారీ వసూలు పెట్టుకున్నాడు! 1519లో అయిదవ చార్లెస్‌ను చక్రవర్తిగా ఎన్నిక చేయించడానికి అయిదు లక్షల పైచిలుకు ఫ్లోరిన్లు సర్దింది ఈయనే. 1505లో మిరియాలకోసం మన మలబారు తీరానికి బయలుదేరిన పోర్చుగీసు ఓడల్లోనూ ఈయన పెట్టుబడి ఉంది. ఈ ఇటుకల్లో మన మిరియాల ఘాటు కాస్తయినా కలిసే ఉంటుంది.

రాత్రి పదింటికి గేటు మూసేస్తారు. ఆలస్యంగా వచ్చినవారు కాపలాదారు చేతిలో చిల్లర పెట్టాలి. అర్ధరాత్రి దాటితే ఒక యూరో, అంటే ఏడాది అద్దెకంటె ఎక్కువ! సంగీతకారుడు మొజార్ట్ ముత్తాత తాపీపని చేసుకుంటూ ఇక్కడే కాపురమున్నాడట.

గుమ్మం గుమ్మానికీ గంట లాగే ఇనుప పిడి ఉంది. ఒకదాని ఆకారం ఒకదానికి లేదు. వీధి దీపాలు లేని రోజుల్లో చీకట్లో చేత్తో తడిమి ఎవరి ఇల్లు వారు పోల్చుకునేవారట. ఒక పిడిని ఫొటో తీయబోతుంటే కిటికీ తెర కదిలింది. లోపల ఒక ముసలమ్మ. నాకు సిగ్గు వేసి కెమెరా దించేశాను. డబ్బిచ్చి ఒకరి బీదతనాన్ని చూడ్డానికి వచ్చినట్లయింది. ఆవిడ కిటికీ తెరిచింది. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ మాత్రం పక్కకు జరగమని చేత్తో సైగ చేసింది. నా నీడ పిడిమీద పడుతోంది.

జరిగాను. ఫొటో బాగానే వచ్చింది.