మొదట అదిరింది ఏ చెయ్యి?

చాంద్రాయణగుట్ట వైపు నుంచి వస్తుంటే డీఎంఆర్‌ఎల్ చౌరస్తా దగ్గర పాతబస్తీ వేషం మార్చేస్తుంది. అప్పటిదాకా చాయ్ హోటళ్లు, పంక్చర్ దుకాణాలు, అడ్డదిడ్డంగా దూరే ఆటోలు. అక్కణ్నుంచి పొడవాటి ప్రహరీలు, ముళ్లకంచెలు, ఫొటోలు తీయరాదన్న బోర్డులు. లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ 1963లో పుట్టింది. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో, ప్రత్యేక లోహాలు పోతపోసే మిధాని 1973లో వచ్చాయి. ఈ కంచన్‌బాగ్ అంటే దేశానికి ఇవే గుర్తొస్తాయి. చౌరస్తాలో బస్సు దిగేవాళ్లను చూస్తే మాత్రం చాలామంది చేతుల్లో స్కానింగ్ కవర్లే ఉంటాయి. 1984లో మొదలైన దక్కన్ మెడికల్ కాలేజీ, దాన్ని ఆనుకుని ఒవైసీ ఆసుపత్రి, డీఆర్‌డీఓ పేరు కలుపుకున్న అపోలో, చుట్టూ చిన్నాచితకా నర్సింగ్ హోమ్‌లు. బాలాపూర్ నుంచి, హఫీజ్ బాబా నగర్ నుంచి జబ్బు చేసినవాళ్లు ఇటే వస్తారు.

ఆ చుట్టుపక్కలే ఒక ఆసుపత్రిలో న్యూరాలజిస్టు ఒకావిడ నన్ను తనతో తిరగనిచ్చారు. ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు రాయకూడదన్నది షరతు. మెదడు ఆపరేషన్ తర్వాత ఫిట్స్ వచ్చినా, చేతులు కాళ్లు కొంకర్లు పోయినా కారణం ఎలా పట్టుకుంటారో చూడాలని వెళ్లాను. ఇందులో పట్టుకునేది ఏముంది, మెదడు కోశారు గనక వచ్చిందనే ఇళ్లల్లో అనుకుంటారు. నేనూ దాదాపు అదే అనుకుంటూ లిఫ్ట్ ఎక్కాను.

మూడో అంతస్తు వార్డులో కిటికీ పక్క మంచం. నలభై దాటిన ఆటో డ్రైవరు. నెత్తి కుడివైపు ముందు భాగంలో మెదడు పొర మీద పెరిగిన గడ్డ తీసేశారు. మెనింజియోమా అంటారు, క్యాన్సర్ కాదు. ఐదో రోజు రాత్రి ఫిట్స్. కేస్‌షీట్లో డ్యూటీ డాక్టరు రాసింది ఒకటే వాక్యం: 2.10కి ఫిట్స్, ఇంజెక్షన్ ఇచ్చాం, తగ్గింది.

"ఇందులో నాకు పనికొచ్చేది ఆ టైమొక్కటే," అన్నారు డాక్టరమ్మ. "చూసినవాళ్లు ఎవరున్నారు?"

చూసింది అతని భార్య. ఆవిడ వార్డులో లేదు. రౌండ్స్ టైముకి అటెండెంట్లను బయటికి పంపడం ఆనవాయితీ కదా, కారిడార్ బెంచీ మీద కూర్చుని ఉంది. నాకిక్కడ ఆగి ఒక మాట అనాలని ఉంది. ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా ఫిట్స్ వచ్చిన క్షణంలో డాక్టరు ఎదురుగా ఉండడం అరుదు. చూసేది తల్లో భార్యో, పక్క మంచం వాళ్లో. కారణం వెతికే సమయానికి వాళ్లను గది బయట కూర్చోబెడతాం. ఈ డాక్టరమ్మ మాత్రం సిస్టర్‌ని పంపి ఆవిణ్ని లోపలికి పిలిపించారు.

"ఆపా, మొదట ఏం అదిరిందో నోటితో చెప్పకు. నీ చేత్తో చేసి చూపించు."

ఆవిడ బురఖా చెయ్యి పైకి లాగి కుడి బొటనవేలు టపటపా ఆడించింది. "సీదే హాత్ కా అంగూఠా, మేడమ్. అక్కడ షురూ అయింది. తర్వాత మణికట్టు, మోచెయ్యి. మూతి కూడా ఇటే గుంజింది."

"నువ్వు పట్టుకున్నావా?"

"రెండు చేతుల్తో పట్టుకున్నా. ఆగలే. నా చేతులే ఊగినయి."

"పిలిస్తే పలికాడా?"

"చూస్తుండు గానీ మాట రాలే. పొద్దున చాయ్ కప్పు ఇస్తే సీదా హాత్‌తో పట్టలేకపోయిండు. పదకొండింటికల్లా మళ్లీ మంచిగైంది."

నాకు మామూలు సమాధానాల్లాగే వినిపించాయి. బయటికొచ్చాక డాక్టరమ్మ విప్పి చెప్పారు. ఆపరేషన్ తర్వాత బిగుసుకున్న కాలో చెయ్యో దానంతటది ఎగిరిపడడం వేరే ఉంది. కండరం బిగిసి పాదం దడదడలాడుతుంది, దాన్ని క్లోనస్ అంటారు. పాదం వంపు మార్చి పట్టుకుంటే అది ఆగిపోతుంది. ఫిట్స్ ఆగదు, పట్టుకున్న చేతిని కూడా ఊపేస్తుంది. ఇక ఫిట్స్ వచ్చిన చెయ్యి కొన్ని గంటలు చచ్చుబడి మళ్లీ కోలుకోవడం టాడ్స్ పెరాలిసిస్. దాన్ని పక్షవాతమనుకుని హడలిపోతారు గానీ, మెదడులో ఆ చెయ్యి తాలూకు చోటే అలసిపోయిందనడానికి అది సాక్ష్యం.

"అయితే ఫిట్సే కదా," అన్నాను.

"ఫిట్సే. కానీ లెక్క కుదరలేదు చూడండి. కుడి చేతిని ఆడించేది ఎడమ మెదడు. ఆపరేషన్ జరిగింది కుడివైపు."

చెయ్యి చూసి మెదడులో చోటు చెప్పడం పాత విద్యే. బొటనవేలికి, పెదవి అంచుకి మెదడులో దక్కిన జాగా పెద్దది. అందుకే ఫిట్స్ ఎక్కువగా అక్కడ మొదలై ఒక వరసలో పైకి పాకుతుందని లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ 1870 ప్రాంతంలోనే రాశాడు. 1886 మే 25న విక్టర్ హార్స్‌లీ తలకు పాత దెబ్బ ఉన్న ఓ ఇరవై రెండేళ్ల కుర్రాడి పుర్రె తెరిచి, ఫిట్స్ పుట్టిస్తున్న మచ్చను తీసేశాడు. ఎక్స్‌రే రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఎక్కడ తెరవాలో అతనికి దారి చూపినవాటిలో కండరాలు ఏ వరసలో అదిరాయన్నది ముఖ్యమైంది. 2.10కి ఫిట్స్ అని రాసి వదిలేసిన మన కేస్‌షీట్ కంటే ఆనాటి నోటు పుస్తకాలే నయం.

లెక్క కుదరలేదు గనక వెతుకులాట మొదలైంది. మొదట రక్తం. ఫిట్స్ తగ్గగానే షుగర్, సోడియం, కాల్షియం, మెగ్నీషియం పంపారు. సోడియం 124 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. మెదడు ఆపరేషన్ తర్వాత ఉప్పు పడిపోవడం తరచూ చూసేదే. పిట్యూటరీ గ్రంథి ఆపరేషన్ అయినవాళ్లకైతే వారం రోజులకు, ఇంటికెళ్లాక పడిపోయి మళ్లీ అంబులెన్స్ ఎక్కిస్తుంది. తిరకాసు ఏమిటంటే దీనికి రెండు దారులున్నాయి. ఒంట్లో నీరు నిలిచిపోయి ఉప్పు పలచబడితే నీళ్లు తగ్గించాలి. మూత్రంలో ఉప్పూ నీరూ రెండూ కొట్టుకుపోతుంటే రెండూ ఎక్కించాలి. పైకి రెండిట్లోనూ అదే 124. ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే మనిషి మునిగిపోతాడు. పెంచడంలోనూ తొందర కుదరదు. రోజుకి ఎనిమిది, మహా అయితే పది దాటిస్తే మెదడు కాండంలో నరాల పూత చెడుతుంది.

"కారణం దొరికినట్టేగా," అన్నాను మళ్లీ.

"సోడియం పడిపోతే మెదడంతా చిరాకుపడుతుంది. ఒక్క బొటనవేలే ఎందుకు అదిరింది?"

ఈలోగా ఈఈజీ గదికి వెళ్లాం. టెక్నీషియన్ కుర్రాడు టేపుతో తల కొలిచి, స్కిన్ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, తెల్లటి పేస్టు అద్ది ఇరవై చిల్లర వైర్లు అంటించాడు. కుట్లున్న చోట మాత్రం కాస్త పక్కకు జరిపాడు. తెర మీద గీతలు మొదలయ్యాయి. కుడివైపు గీతలు ఎత్తుగా, మొనలు దేలి కనిపించాయి. ఎడమవైపు సాదాగా ఉన్నాయి. నేనైతే కుడివైపే తప్పుందని రాసేసేవాణ్ని.

అది బ్రీచ్ రిథమ్ అట. మెదడు విద్యుత్తును పుర్రె ఎముక బాగా అణిచేస్తుంది. ఎముక తెరిచిన చోట ఆ అడ్డు తగ్గి, తలుపు తీసిన గదిలోంచి మాటలు వినపడ్డట్టు, మామూలు తరంగాలే పెద్దవిగా వాడిగా వస్తాయి. కాబ్ అనే ఆయన బృందం 1979లో దీనికి పేరుపెట్టింది. అలవాటు లేనివాళ్లు ఇది చూసి ఫిట్స్ అని రిపోర్టు ఇచ్చేస్తారు, రోగి ఏళ్ల తరబడి అక్కర్లేని మాత్రలు మింగుతాడు. డాక్టరమ్మ కుడివైపు వదిలేసి ఎడమ మధ్య భాగం గీతల దగ్గరే కూర్చున్నారు. అక్కడ అప్పుడప్పుడూ తరంగం మందగిస్తోంది. మందగించడం ఒక్కటే ఫిట్స్‌కి రుజువు కాదు, అలాగని అరగంట ఈఈజీ బాగున్నంత మాత్రాన ఫిట్స్ లేనట్టూ కాదు. ఈ పరీక్ష తప్పనిసరయ్యేది ఆపరేషన్ తర్వాత మత్తు దిగినా మనిషి తేరుకోనప్పుడట. ఒళ్లు కదలకుండానే లోపల ఫిట్స్ నడుస్తుంటే చెప్పగలిగేది ఈ గీతలే.

గదిలోంచి వస్తుంటే ఎమర్జెన్సీ నుంచి ఫోను. ఇంటర్ చదివే పిల్ల, వేరేచోట తల ఆపరేషనై మొన్ననే ఇంటికెళ్లింది. మెడ ఒక పక్కకి మెలిదిరిగింది, కళ్లు పైకి నిలబడిపోయాయి. వాళ్లమ్మ పిల్ల గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కి పట్టుకుంది. ఎవరో ఫిట్స్ ఆపే మిడాజోలమ్ సిద్ధం చేస్తున్నారు. డాక్టరమ్మ, "బిడ్డా, నీ పేరేంది?" అన్నారు. పిల్ల మెడ అలాగే ఉంచి పేరు చెప్పింది, కాలేజీ పేరు కూడా చెప్పింది. పూర్తి తెలివిలో ఉంది. వాంతులకు ఏం వాడారని అడిగితే తండ్రి జేబులోంచి చీటీ తీశాడు. పెరినార్మ్. ఆ మందు కొందరికి, ముఖ్యంగా వయసు పిల్లలకి, ఇలా మెడా కళ్లూ మెలితిప్పుతుంది. ఫెనర్గాన్ ఇంజెక్షన్ వేశారు. కాసేపటికి పిల్ల మెడ నిటారుగా తిప్పి తాళాలు తల్లికిచ్చేసింది. దీనికి ఫిట్స్ అని పేరుపడి ఉంటే ఎన్నేళ్లు వాడేదో మాత్రలు.

మందుల చీటీ చదవడమే సగం దర్యాప్తు అన్నారావిడ. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ మీద ఉన్న రోగికి ఇన్ఫెక్షన్ అని మెరోపెనెమ్ ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో వాల్‌ప్రోయేట్ మట్టం అడుగంటుతుంది. మోతాదు పెంచినా లాభం ఉండదు, రెండిట్లో ఒకటి మార్చాలి. ఆపరేషన్ పొద్దున ఏమీ తినొద్దంటే నిజాయతీగా ఫిట్స్ మాత్ర కూడా మానేసేవాళ్లున్నారు. రంజాన్ నెలలో ఈ పేటలో ఇంకో లెక్క. నిద్ర తక్కువ, మధ్యాహ్నం మాత్ర ఉండదు. రోజా మానేయమంటే వినరు గనక మాత్రల్ని సహరీకీ ఇఫ్తార్‌కీ సర్ది రాయడం ఆవిడకు అలవాటైంది.

మధ్యాహ్నం ఎమ్మారై చేశారు. తలలో ఎముకను బిగించిన ప్లేటుంది కదా అని నేను సందేహపడితే పక్క మంచం పెద్దాయన నవ్వాడు. మిధానిలో చేసి రిటైరయ్యాడట. "టైటానియం సారూ అది. అయస్కాంతం గుంజదు. మా దగ్గర చూసినం కదా." ప్లేటు కరెంటు పట్టి ఫిట్స్ తెప్పిస్తుందని వార్డులో నడుస్తున్న పుకారును కూడా ఆయనే కొట్టిపారేస్తున్నాడు. డాక్టర్లకంటే ఆయన మాటకే అక్కడ విలువెక్కువ.

సాయంత్రం బొమ్మ వచ్చింది. ఎడమ మెదడులో, చేతి కదలికల చోట, శనగగింజ కన్నా చిన్న చుక్క. చుట్టూ తెల్లటి వాపు వలయం. ఆపరేషన్‌కి ముందు వేరే సెంటర్లో తీసిన సీటీ ఫిల్మ్ తెప్పించి దీపం మీద పెడితే ఆ చుక్క అప్పుడే ఉంది, సున్నం కట్టి తళతళలాడుతూ. రిపోర్టు చివరి వరసలో ఉంది కూడా: ఎడమవైపు చిన్న కాల్సిఫైడ్ గ్రాన్యులోమా. గడ్డ అంత పెద్దది కనిపిస్తుంటే చివరి వరస ఎవరు చదువుతారు? ఎప్పుడో చచ్చి సున్నమైన బద్దెపురుగు తిత్తి అది. దాని చుట్టూ అప్పుడప్పుడూ ఇలా వాపు లేస్తుంది. సోడియం పడిపోవడం నిప్పంటించింది, మండింది మాత్రం ఈ చుక్క. కత్తి పడ్డ చోటుకి ఇందులో భాగం లేదు.

భార్యకు చెప్పడం తేలిక కాలేదు. పంది మాంసంతో ముడిపడ్డ పురుగని ఎవరో నర్సు ముందే అనేసింది. "మేం దాన్ని ముట్టనే ముట్టం, మేడమ్!" ఆవిడ ముఖం ఎర్రబడింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. మాంసం తింటే వచ్చేది పేగులో పురుగు. మెదడులోకి వెళ్లేది దాని గుడ్డు. పురుగున్న మనిషి మలం నుంచి చేతుల మీదుగా, నీళ్ల మీదుగా, సరిగా కడగని కొత్తిమీర మీదుగా ఎవరి కడుపులోకైనా చేరుతుంది. ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారుల మెదళ్లలోనూ తను చూశానని చెప్పారు. చచ్చిన తిత్తి గనక పురుగుల మందు అవసరం లేదు.

కారణం తేలడంతో అతని దారి మారిపోయింది. సియాటిల్‌లో టెంకిన్ బృందం 1990లో తలకు పెద్ద దెబ్బ తగిలిన 404 మందిలో సగం మందికి ఫెనిటోయిన్ ఇచ్చి చూసింది. మొదటి వారంలో ఫిట్స్ 14.2 శాతం నుంచి 3.6కి తగ్గాయి. ఆ తర్వాత మందు వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ తేడా లేదు. అది దెబ్బల మీద జరిగిన అధ్యయనమే అయినా, ఒక్కసారి కూడా ఫిట్స్ రానివాళ్లకు ఆపరేషన్ తర్వాత ముందు జాగ్రత్తగా ఇచ్చే మాత్రలను వారంలో ఆపేయొచ్చన్న ఆలోచన బలపడింది ఇక్కణ్నుంచే. ఉట్టి సోడియం ఫిట్సే అయితే ఇతనికీ కొద్ది రోజుల్లో ఆపేసేవాళ్లు. ఇప్పుడు లెవెటిరాసిటామ్ రెండు పూటలా, సంవత్సరాలపాటు. డ్రైవింగ్ లైసెన్సుకిచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి ఇక లేదని రాయలేడు.

"ఆటో కిస్తీ ఇంకా ఉంది మేడమ్," అన్నాడతను. అప్పటిదాకా నోరు విప్పలేదు.

"బండి నువ్వు నడపొద్దు భాయ్. బావమరిదికి ఇయ్యి. నువ్వు నడుపుతుంటే బొటనవేలు అదిరిందనుకో, వెనక కూర్చున్నోళ్ల సంగతేంది?"

భార్య ఆలోచన అప్పటికే వేరేచోట ఉంది. పిల్లలు తినేదీ అదే కొత్తిమీర. వాళ్లకూ స్కాన్ తీయించాలా? అక్కర్లేదన్నారు డాక్టరమ్మ, ఇంట్లో ఎవరికైనా పేగులో పురుగుందేమో మల పరీక్ష చేయిస్తే చాలు. తిత్తి ఏళ్ల కిందటిది, అది పెట్టినవాళ్లు ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నారో లేదో.

"ఈయన తిండి సగం బయటే మేడమ్. చౌరస్తా బండి మీద మిర్చి, ఆటో స్టాండ్ దగ్గర పచ్చి ఉల్లిగడ్డ. వాళ్లందరికీ పరీక్ష ఎవరు చేయిస్తరు?"

"ముందు ఇంటోళ్లది కానియ్యి ఆపా," అని ఆవిడ మనిషికొకటి చొప్పున చీటీలు రాయసాగారు.