జంప్ సరే... ఆగడం వచ్చా?

లాంగ్‌బోర్డ్ రీల్స్ చూసినవాళ్లంతా నన్ను ‘జంప్ ఎలా చేస్తావ్?’ అని అడుగుతారు. ‘ఎలా ఆగుతావే?’ అని అడిగింది మా అమ్మ ఒక్కతే. దానికి బ్రేకులుండవు మరి!

మాది విశాఖ. పొద్దున్నే బండ్లు ఆపేసే బీచ్‌రోడ్డులో హిప్పీ జంప్ నేర్చుకున్నా. కదిలే బోర్డు మీంచి నిటారుగా ఎగిరి, మళ్లీ దానిమీదే దిగడం. ఎగిరేటప్పుడు కాళ్లతో బోర్డును నెట్టకూడదు, అంతే. అది మన వేగంతోనే వచ్చి కాళ్ల కింద ఉంటుంది. బట్టీపట్టిన న్యూటన్ మొదటి నియమం నాకు అక్కడే అర్థమైంది.

కానీ నా మనసంతా మా వీధి చివరి డౌన్ మీదే. ‘ఆగి చూపించు, అప్పుడు దిగుదువుగానీ’ అంది అమ్మ. అలా స్లైడ్ మొదలైంది.

నేను నేర్చుకున్నది కోల్‌మన్ స్లైడ్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కొండరోడ్ల మీద స్కేట్ చేసిన క్లిఫ్ కోల్‌మన్ పేరు మీద వచ్చింది. గొంతుక్కూర్చుని, మడమల మీద బరువేసి, గ్లవ్ వేసుకున్న చేతిని రోడ్డుకు ఆనించి బోర్డును అడ్డంగా తిప్పాలి. చక్రాలు దొర్లకుండా రోడ్డును రాసుకుంటూ జారతాయి. ఆ రాపిడికే వేగం చస్తుంది. 78ఎ లాంటి మెత్తటి చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, గట్టివి తేలిగ్గా జారతాయి.

గ్లవ్ అరచేతికి గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉండాలి. కూరగాయలు తరిగే పాత ప్లాస్టిక్ పలకను అమ్మే ఇచ్చింది. గుండ్రంగా కోసి, తోలు గ్లవ్‌కి వెల్‌క్రోతో అంటించా.

మూడు నెలలు చిన్న వాలు మీదే. మోచేతులు చెక్కుకుపోయాయి, రెండు జీన్సులు పోయాయి. ఓ ఆదివారం అమ్మ ముగ్గుపిండితో డౌన్ మధ్యలో గీత గీసింది. ‘ఇది దాటావో, బోర్డు అటక మీదికే’ అంది. సందు మొదట్లో తమ్ముడు బండ్లు రాకుండా చూస్తున్నాడు. దిగాను, తిప్పాను... కర్‌ర్‌ర్‌మని జారి, గీతకు జానెడు ముందే ఆగాను. అమ్మ ఏమీ అనలేదు. ఇంకో పది అడుగులు పైకొచ్చి కొత్త గీత గీసింది!

మీరూ మొదలుపెడతారా? హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్ ముందు. బండ్లు తిరగని చిన్న వాలు చాలు. కింద ఒక మనిషిని కాపలా పెట్టండి. నడక వేగంలో ఆగడం వచ్చాకే పరుగు వేగానికి వెళ్లండి. జంప్‌కి లైకులొస్తాయి. రేపు మళ్లీ బోర్డెక్కనిచ్చేది మాత్రం స్లైడే.