చేప లాగిన పడవ

పులసంటే ప్రాణం పెట్టే గోదావరి జిల్లావాణ్ణి నేను. కాని మా యింటావంటా చేప పట్టినవాళ్లెవరూ లేరు. మనబోటి సంసారులకు చేపంటే గుమ్మంలోకి వచ్చిన తట్ట, గంటసేపు బేరం, మొప్ప ఎత్తి ఎరుపు చూడటం, ఆపైన కత్తిపీట. అంతే. ఆ తట్టలోకి రాకముందు దాని కథేమిటో మనం అడగం. అటువంటివాణ్ణి అరవై రెండో ఏట, మనిషి కూర్చుంటే నిండిపోయే పడవలో, మంచులాంటి నీళ్ల మీద కూర్చుని సాల్మన్‌కి గాలం వేశానంటే నమ్మేవాళ్లు తక్కువ. మా ఆవిడ ఆ చేప తిన్నాక కూడా పూర్తిగా నమ్మలేదు.

మా అమ్మాయి కెనడాలో పడమటి కొసన, వాంకూవర్ ద్వీపం మీద కాంబెల్ రివర్ అనే వూళ్లో ఆస్పత్రిలో పనిచేస్తోంది. 2023 వేసవిలో ఆర్నెల్లుందామని వెళ్లాం. వెళ్లిన మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మాయి లేదు. సెలవు రోజుల్లో ఒక్కతే కయాక్ వేసుకుని సముద్రంలోకి పోయి చేపలు పడుతుందట! మా ఆవిడకు ఆనాటి నుంచి నిద్ర లేదు.

“ఏమండీ, మీరు ఓసారి దానివెంట వెళ్లి చూసి రండి. ప్రమాదమైతే మానిపించండి” అంది. ఆ విధంగా నేను ఏకసభ్య విచారణ సంఘంగా నియమితుణ్ణయ్యాను.

అమ్మాయి నవ్వింది. “చూడటానికైతే రాకు నాన్నా. నేర్చుకోవడానికైతే రా.”

ముందు చేప సంగతి చెప్పాలి. సాల్మన్లలో అన్నిటికన్నా పెద్దది చినూక్. దాన్నే బ్రిటిష్ కొలంబియా తీరం వాళ్లు ‘స్ప్రింగ్’ అంటారు, అలాస్కా వాళ్లు ‘కింగ్’ అంటారు. ఈ జాతిలో కొన్ని గుంపులు వసంతంలోనే నదులెక్కుతాయి గనక స్ప్రింగ్ అన్నారట. పట్టేది మాత్రం ఎక్కువగా వేసవిలో. 30 పౌన్లు దాటితే దానికి ‘టై’ అని బిరుదు. కాంబెల్ రివర్‌లో 1924 నుంచి ఒక క్లబ్బు వుంది: యింజను లేని తెడ్ల పడవలో కూర్చుని టైని పట్టినవాళ్లకే అందులో సభ్యత్వం. చిగుళ్లు నల్లగా వుండి, తోక రెండు పాయల మీదా చుక్కలుంటే అది స్ప్రింగ్ అని గుర్తు. చిగుళ్లు తెల్లగా వుంటే కోహో, వేరే జాతి.

మన పులసకూ దీనికీ దూరపు చుట్టరికం కూడా లేదు గాని నడవడి ఒక్కటే. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కేవే. సముద్రంలో వుండగా విలస, గోదావరిలో అడుగు పెడితే పులస. ఎదురీదినకొద్దీ రుచి అంటాం మనం. ఇక్కడ తిరకాసు. సాల్మన్ నదిలోకి ఎక్కాక తిండి మానేస్తుంది, ఒంట్లో కొవ్వంతా ప్రయాణానికి ఖర్చవుతుంది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అందుచేత దాన్ని నది చేరకముందే, సముద్రంలో వుండగానే పట్టాలి. పుస్తెలమ్మినా పులస తినాలనే సామెత ఈ దేశంలో పుట్టివుంటే, నదిలో దిగిన చేప కోసం ఎవరూ పుస్తెలమ్మరు!

మొదటి మూడు రోజులూ గాలం ముట్టుకోనివ్వలేదు మా అమ్మాయి. ఒక సరస్సుకి తీసుకెళ్లి, పడవలోంచి పడమంది. పడ్డాను. మళ్లీ ఎక్కమంది. కయాక్ ఉత్తర ధ్రువప్రాంతపు వేటగాళ్ల పడవ. వాళ్లు సీల్ చర్మంతో కట్టుకునేవారు. మేం వాడింది ప్లాస్టిక్‌ది, పైన కూర్చునేది. బోల్తా పడితే దాన్ని తిరగేసి, కాళ్లు ఆడిస్తూ ముందు పొట్ట, తరవాత నడుం, ఆఖర్న కాళ్లు పైకి చేర్చాలి. చిన్నప్పుడు కాలవలో ఈత కొట్టినవాణ్ణి కదా, యిదెంత అనుకున్నాను. లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవ మీదికి పాకడం ఈత కాదు. బల్లి గోడెక్కినట్టు వుంటుంది. నాలుగోసారికి గాని ఎక్కలేకపోయాను.

“సముద్రంలో యింత తీరిక వుండదు నాన్నా” అంది. అక్కడి నీళ్లు వేసవిలో కూడా పది, పన్నెండు డిగ్రీలు. పడ్డ మొదటి నిమిషం వూపిరి మన చేతిలో వుండదు; దాన్ని అదుపులో పెట్టుకోవాలి. తరవాత పది నిమిషాలపాటు చేతులూ కాళ్లూ చెప్పినమాట వింటాయి. ఒక గంటకు స్పృహ తప్పవచ్చు. ఒకటి, పది, ఒకటి. ఈ లెక్క నాచేత ఎక్కం అప్పగించినట్టు అప్పగింపించుకుంది. గోదావరి గట్టున పుట్టినా దానికి చిన్నప్పుడు ఈత రాదు. మా వూళ్లో అప్పట్లో ఆడపిల్లలకు నేర్పే అలవాటు లేదు. యిరవయ్యారేళ్లకు యిక్కడ నేర్చుకుందట. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు.

తరవాత ఎర పాఠం. హెర్రింగ్ అని మన కవ్వల్లాంటి చేప. దాని తల ఏటవాలుగా కోసి, రెండు గాలాలు గుచ్చి నీళ్లలో ఆడిస్తే, దెబ్బ తిన్న చేపలాగా గిరగిర తిరగాలి. కోత కాస్త అటూ యిటూ అయితే తిరగదు. అటువంటి ఎరని సాల్మన్ కన్నెత్తి చూడదు. గాలాలకు కొక్కెపు ముల్లు వుండకూడదని చట్టం. వదలవలసిన చేప గాయపడకుండా వుండటానికి. ముల్లు లేదు గనక తాడు క్షణం వదులైనా చేప జారిపోతుంది. రీలు పాతకాలపుది, చేప పరుగెత్తితే దాని పిడి వెనక్కి గిరగిర తిరుగుతుంది. వేళ్లు అడ్డం పెడితే కణుపులు పగిలిపోతాయి. నా కుడి చేతి వేళ్లు వారం రోజులు పసుపు రాసుకున్నాయి.

వూరి ముందున్న జలసంధి పేరు డిస్కవరీ పాసేజ్. పోటు దక్షిణానికీ, పాటు ఉత్తరానికీ నదిలాగా పారుతుంది. ఉత్తరాన సేమూర్ నేరోస్ అనేచోట నీళ్లలో దాగి, ఎన్నో ఓడల్ని ముంచిన రాయి వుండేది. 1958 ఏప్రిల్ 5న మందుపెట్టి పేల్చేశారు. యిప్పటికీ అక్కడి ప్రవాహం భయంకరమే. మేం అటు పోలేదు. వూరికి దక్షిణాన, ఒడ్డుకి దగ్గరగా, పోటు తీరి పాటు మొదలయ్యే ముందు నీళ్లు నిలిచే కాసేపే మా వేట. ఒడ్డున ఒక తెల్లయిల్లు వుంది. “ఆ యిల్లు దాటి ఉత్తరానికి పోకూడదు. చేప లాక్కుపోతున్నా సరే, తాడు కోసెయ్యాలి” అని, నా జాకెట్‌కి ఓ చిన్న కత్తి తగిలించింది.

తొలి చేప రెండో రోజు పడింది. చేప ఎర అందుకుంటే తాడు బిగుస్తుందనుకుంటాం కదా? ఈ పద్ధతిలో తరచు వదులవుతుంది. కింద ఎర పట్టిన స్ప్రింగ్ పైకి ఈదుకొస్తుంది. సీసపు గుండు బరువు చేతికి తెలియకపోవడమే కబురు. గబగబా చుట్టాలి. చుట్టాను. పడవ పక్కన కొలిస్తే 58 సెంటీమీటర్లు. అక్కడ 62కి తక్కువైతే వదలాలి. నీళ్లలోంచి తీయకుండానే అమ్మాయి గాలం విప్పింది. తోక ఒక్కసారి కొట్టి వెళ్లిపోయింది.

నాకు ప్రాణం వుసూరుమంది. “యింకెవరు చూశారే యిక్కడ?” అన్నాను.

“నేను చూశాను” అంది.

నిబంధనలు వూరికే పెట్టలేదు. ఫ్రేజర్ నదిలో 1914లో రైలుమార్గం పనుల్లో కొండచరియ పడి హెల్స్ గేట్ దగ్గర చేపల దారి మూసుకుపోయింది. 1940లలో గాని వాటికి మెట్లదారి కట్టలేదు. మళ్లీ బిగ్ బార్ దగ్గర చరియ విరిగి పడ్డదని 2019లో బయటపడింది. ఆ ఏటి నుంచే ఆ నది స్ప్రింగ్‌ల కోసం చుట్టుపక్కల సముద్రంలో ఆంక్షలు బిగించారు. చేపలు తినే ఓర్కా తిమింగిలాలకు కూడా యిదే ముఖ్యాహారం. వింటుంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోయే పులసలు జ్ఞాపకం వచ్చాయి.

ఆరో రోజున అసలు చేప వచ్చింది. తాడు వదులైంది, చుట్టాను, బరువు తగిలింది, పిడి చేతిలోంచి లాక్కుని వెనక్కి తిరిగింది. పడవ ముక్కు దానంతటదే ఉత్తరానికి తిరిగి బయల్దేరింది. నేను తెడ్డు వెయ్యటంలేదు! నీళ్ల మీద బరువంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఒడ్డున చెట్లు కదులుతున్నాయి, తెల్లయిల్లు దగ్గరవుతోంది. అమ్మాయి నా పక్కనే తెడ్డు వేస్తూ వస్తోంది. అరవలేదు, చెయ్యి చాపలేదు. “నాన్నా, యిల్లు చూస్తున్నావా?” అని మాత్రం అంది.

చూస్తున్నాను. ఎడమ చెయ్యి కత్తి మీదికి వెళ్లింది. ఆ చేపని వదలడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. చిన్నదాన్ని వదిలినప్పటి బాధ దీని ముందు ఆట. కత్తి ఒరలోంచి వచ్చింది కూడా. యింటి కప్పు సూటికి యింకో రెండు పడవల దూరం వుందనగా చేప మనసు మార్చుకుని వెనక్కి తిరిగింది. తాడు వదులవుతుందేమోనని వేళ్లు పగిలేట్టు చుట్టాను. పావుగంటకు పక్కన తేలింది. వెండి పళ్లెంలాగా వుంది. నల్లటి చిగుళ్లు. 74 సెంటీమీటర్లు. తలవైపు నుంచి వల పెట్టి ఎత్తింది అమ్మాయి. ఒక్క దెబ్బతో చంపి, మొప్ప కోసి రక్తం కార్చి, చెయ్యి తుడుచుకోకముందే లైసెన్సులో రాయించింది. నది దాకా పోవలసిన ప్రాణి. కాసేపు యిద్దరం మాట్లాడుకోలేదు.

యింటికి వెళ్లగానే విచారణ సంఘాన్ని నివేదిక అడిగారు. “ప్రమాదమేనా?”

“ప్రమాదమే” అన్నాను. “ఆ సంగతి మనకన్నా దానికే బాగా తెలుసు.” ఒకటి, పది, ఒకటి లెక్క చెప్పాను. తెల్లయింటి సంగతీ, కత్తి సంగతీ చెప్పాను. మా ఆవిడ ఏమీ అనకుండా చింతపండు నానబెట్టింది. బెండకాయలు వేసి, పులసకు పెట్టినట్టే పులుసు పెట్టింది. గులాబీరంగు ముక్క, బోలెడు కొవ్వు. “యిన్ని తక్కువ ముళ్లున్నది చేపేమిటండీ, తీరిగ్గా తినేందుకేం వుంది?” అని, రెండోసారి వడ్డించుకుంది.

మళ్లీ సెలవు రోజున చీకటితోనే వంటింట్లో దీపం వెలిగింది. అమ్మాయి బూట్లు తొడుక్కుంటోంది. మా ఆవిడ ఫ్లాస్కులో కాఫీ పోసి దాని చేతికిచ్చింది.

“తెల్లయిల్లు దాకానే కదూ?” అంది.

“దాకానేనమ్మా” అంది మా అమ్మాయి.